ముందు సీటు కింద తడి

కారులోకి నీళ్ళు దిగుతున్నాయని ఎవరైనా వస్తే మెకానిక్ ముఖం ముడుచుకుపోతుంది. ఇంజన్ విప్పేవాడికి వీధిలో పేరుంటుంది. గేర్‌బాక్సు పని తెలిసినవాణ్ణి పక్క ఊరివాళ్ళు కూడా వెతుక్కుంటూ వస్తారు. తడిసిన కార్పెట్ ఎత్తి, ముక్కు బిగబట్టి, మోకాళ్ళ మీద పాకుతూ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో వెతికేవాణ్ణి మాత్రం ఎవరూ మెచ్చుకోరు. అందుకే చాలామంది ఓ సీలెంట్ ట్యూబు తెచ్చి కనిపించిన సందల్లా పూసి పంపేస్తారు. అది మెకానిక్ పని కాదు, సున్నం కొట్టేవాడి పని.

నేను నలభై ఏళ్ళు ఈ వృత్తిలో ఉన్నాను. మొదట చిత్తూరులో, తర్వాత తిరుపతిలో అలిపిరికి పోయే రోడ్డు పక్క సందులో, సొంత షెడ్డులో. రెండేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయిస్తే షెడ్డు మూసేశాను. ఐటీఐ చదివి ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నాలుగు మాటలు రాసిపెట్టమని తెలిసినవాళ్ళు అడిగారు. సరేనని, ఎంత మొండి ఇంజన్లను దారికి తెచ్చానో రాయడానికి కూర్చున్నాను. మూడు కాగితాలు నింపి చించేశాను. కళ్ళు మూసుకుంటే నాకు ఆ ఇంజన్లు గుర్తుకు రావు. ఒక పాత చిన్న బండి, దాని ముందు సీటు కింద తడి, ఆ తడి గురించి నేనన్న ఒక్క మాట గుర్తుకొస్తాయి. అది దాచి మిగతావన్నీ రాస్తే సొంత డబ్బా కొట్టుకోవడమే. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

ఉస్తాద్ చూపిన పద్ధతి

చిత్తూరులో నాకు పని నేర్పింది ఖాదర్ ఉస్తాద్. మనిషి పొట్టి, గొంతు మాత్రం బస్సు హారన్. ఆయన షాపులో తిట్లు తినకుండా అన్నం తిన్న రోజు లేదు. కానీ నీళ్ళు పట్టుకోవడంలో ఆయనను మించినవాణ్ణి నేను చూడలేదు.

తడి బండి వస్తే ఆయన ముందు నీళ్ళు పట్టేవాడు కాదు. సీట్లు తీయించి, కార్పెట్ ఎత్తించి, రేకు మీద పాత పేపర్లు పరిపించేవాడు. తర్వాత నన్ను లోపల కూర్చోబెట్టి బయటినుంచి తాను పైపు పట్టేవాడు. అదీ కింది నుంచి పైకి. ముందు తలుపు అడుగు, తర్వాత తలుపు రబ్బరు, ఆ తర్వాత అద్దం. ఒక్కో చోట పది నిమిషాలు. పేపరు ఎక్కడ మొదట ముదురు రంగు తిరుగుతుందో అక్కడ నేను అరవాలి. వచ్చిన నీళ్ళను వేలితో తాకి చూడమనేవాడు. చల్లగా తేటగా ఉంటే ఏసీ నీళ్ళు, వాటిని బయటికి పంపే పైపు మూసుకుపోయి ఉంటుంది. జారుడుగా ఉండి తియ్య వాసన వస్తే రేడియేటరువి. మట్టి ఉంటే వాన నీళ్ళు. తడి కనిపించిన చోట చిల్లు ఉండదని కూడా ఆయనే నేర్పాడు. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒక కలంకారీ వ్యాపారి బండిలో, వెనక గుడ్డల మూట అడుగున తడిసి మరకలు పడుతుండేది. అందరూ కింద రేకులో చిల్లు వెతికారు. నీళ్ళు వచ్చింది పైన ఎర్ర లైటు వెనక ఎండి పగిలిన రబ్బరులోంచి.

అంతా అయ్యాక కూడా ఉస్తాద్ బండి అప్పగించేవాడు కాదు.

"నిలబడిన బండి ఏం చెప్తాదిరా? అది ఉలకదు, పలకదు. ఆ మనిషి రోజూ యాడికి పోతాడో ఆడికి నువ్వూ పో. కూసోని సూడు" అనేవాడు.

ఆ చివరి మాట నేను చాలాసార్లు పాటించాను. పాటించనిది ఒక్కసారి.

పలమనేరులో నేర్చుకున్న తప్పు పాఠం

ఉస్తాద్ దగ్గర ఉన్నప్పుడే పలమనేరు నుంచి ఒక పాల వ్యాపారి తన హ్యాచ్‌బ్యాక్ తెచ్చాడు. వెనక సీటు కింద తడి, దుర్వాసన. వానకు దిగుతున్నాయని ఒట్టు పెట్టి చెప్పాడు. మూడు రోజులు తలుపుల రబ్బర్లు మార్చాను, అద్దం రబ్బరు మార్చాను. పేపర్లు పొడిగానే ఉన్నాయి. నాలుగో రోజు ఉస్తాద్ వచ్చి కార్పెట్ మూల వేలితో గీరి వాసన చూశాడు.

"ఇవి నీళ్ళు కాదురా నాయనా, పెరుగు!" అని పగలబడి నవ్వాడు. ఆయన పాల క్యాన్లు కారులో పెట్టుకుని పోతుంటే ఒలుకుతున్నాయి. కారులో పాలు మోస్తున్నానని చెప్పుకోవడానికి ఆయనకు నామోషీ.

"నీళ్ళు అబద్ధం చెప్పవు. మనుషులు చెప్తారు" అన్నాడు ఉస్తాద్.

ఆయన చెప్పింది నీళ్ళ వెనకాలే పొమ్మని. నేను నేర్చుకున్నది మనుషులను నమ్మొద్దని. ఒకే మాటలోంచి గురువు ఒకటి ఇచ్చాడు, శిష్యుడు ఇంకొకటి తీసుకున్నాడు. తిరుపతిలో సొంతంగా షెడ్డు పెట్టాక నాకు అదే గొప్ప తెలివనిపించేది. ఎవరు బండి తెచ్చినా బండి కంటే ముందు మనిషి ముఖం చూసేవాణ్ణి.

శుక్రవారం తడి

రంగాచారి గారు బడిలో తెలుగు చెప్పే అయ్యవారు. వాళ్ళ నాన్నగారు గుడి కైంకర్యంలో ఉండేవారు. ఆయన దగ్గర ఒక పాత చిన్న హ్యాచ్‌బ్యాక్ ఉండేది, దాని సర్వీసు మొదటినుంచీ నా దగ్గరే. బడికి స్కూటర్ మీద పోయేవాడు, కారు వాళ్ళింటి షెడ్డులోనే ఉండేది. అది బయటికి వచ్చేది శుక్రవారం మాత్రమే, వాళ్ళమ్మ ఆండాళమ్మగారిని తిరుచానూరు అమ్మవారి దగ్గరికి తీసుకుపోవడానికి. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. భర్త పోయాక ఆమె గడప దాటేది ఆ ఒక్క పూటే. ముందు సీట్లో, డ్రైవరు పక్కన, బుట్టలో పూలు పెట్టుకుని కూర్చునేది.

ఒకరోజు ఆయన బండి తెచ్చాడు. తల్లిని కూడా తీసుకొచ్చాడు. ఆమెను షెడ్డు ముందు కుర్చీలో కూర్చోబెట్టి నాతో చెప్పాడు.

"ముందు సీటు కింద తడి అయితాండాది మునిరత్నం. వాసన కూడా వస్తాండాది."

"ఎప్పుడు స్వామీ?"

"శుక్రవారమే. మిగతా రోజులు బండి తియ్యనే తియ్యను కదా."

నేను మ్యాట్ ఎత్తాను. కార్పెట్ చిత్తడిగా ఉంది. ఏదో కుళ్ళిన వాసన. పైపు తీసుకుని ముందు అద్దం మీద రెండు మూడు నిమిషాలు నీళ్ళు కొట్టాను. చుక్క రాలేదు. ఆరోజు షెడ్డులో నాలుగు బండ్లు విప్పి ఉన్నాయి. సీటు తీయలేదు. పేపరు పరవలేదు. మళ్ళీ శుక్రవారం వాళ్ళతో పాటు తిరుచానూరు పోయి చూడాలని తట్టనే లేదు. పోతే ఎంత దూరం? ఒక టీ చల్లారేలోపు చేరే దూరం.

"ఈ సీట్లో ఎవరు కూసుంటారు?"

"అమ్మే."

నాకు పలమనేరు గుర్తొచ్చింది. దొరికిందనుకున్నాను. ఆయనను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ఎంతో లోకం చూసినవాడిలా చెప్పాను.

"ఏమనుకోవద్దు స్వామీ. బండిలో లీకేజీ లేదు. పెద్దామెకు వయసైంది. ఆ వయసులో కొందరికి తెలీకుండానే అయిపోతాది. రెక్సిన్ సీటు గదా, దాని మీద నిలవదు, జారి కిందికి పోతాది."

అయ్యవారి ముఖం తెల్లబోయింది. ఆయన నా వైపు చూడలేదు, తల్లి వైపు కూడా చూడలేదు. "అట్లనా" అన్నాడంతే. నేను సానుభూతిగా ఆయన భుజం తట్టాను. ఆ భుజం తట్టడం తలచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది.

ఆమె కుర్చీ నేను నిలబడిన చోటికి పది అడుగుల దూరంలో ఉంది. ముసలామె కదా, వినపడదులే అనుకున్నాను.

ఇక్కడ ఒక్క మాట, ఈ పనిలోకి వచ్చేవాళ్ళ కోసం. నేనారోజు సీటు మీద చెయ్యి పెట్టలేదు. సీటు కుట్ల సందుల్లో వేలు పెట్టి ఉంటే, అక్కడ పొడిగా, దుమ్ముతో ఉందని తెలిసేది. నేను చెప్పినట్టు పైనుంచి జారి ఉంటే కుట్లు తడవకుండా ఉంటాయా? ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు దండగ అనిపించి ఒక మనిషి మానం తీశాను.

ఎర్ర వైరు

ఏడాదిన్నర తర్వాత అయ్యవారు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఏసీ గాలి సరిగా రావడం లేదని, బ్లోయర్ గరగరమంటోందని చెప్పి, బండి వదిలేసి బడికి వెళ్ళాడు. చిన్న బండ్లలో బ్లోయర్ ఎడమ పక్క, ముందు సీటు వాళ్ళ కాళ్ళకు ఎదురుగా ఉంటుంది. బయటి గాలి వైపర్ల కింద ఉన్న గ్రిల్లులోంచి దానికి అందుతుంది. ఆ గ్రిల్లు కింద ఒక తొట్టి ఉంటుంది. అద్దం మీది నీళ్ళు ఆ తొట్టిలో పడి, రెండు పక్కలా ఉన్న దారుల్లోంచి నేల మీదికి పోతాయి.

బ్లోయర్ విప్పగానే గుప్పున అదే వాసన కొట్టింది. రెక్కల్లో బంతిపూల రేకులు, నల్లబడిన తులసి. పైన గ్రిల్లు తీశాను. తొట్టి నిండా పూలు కుళ్ళి బురదై రెండు దారులూ బిరడా వేసినట్టు మూసుకుపోయి ఉన్నాయి. ఆ బురదలో వేలికి ఏదో తగిలింది. లాగితే ఎర్ర వైరు ముక్క.

ఆ వైరు సంగతి చెప్పాలి. తిరుపతిలో దండ లేని బండి అరుదు. కొత్త బండికి పూజ, శుక్రవారానికి దండ, ఆయుధపూజకు మరీనూ. బానెట్ ఎత్తాలంటే ముందు దండ తీయాలి. దేవుడి పూలు చెత్తబుట్టలో వేయకూడదు, కింద పడేస్తే తొక్కుతారు. అందుకని నేను ఒక అలవాటు చేశాను. తీసిన దండను ముద్ద చేసి వైపర్ల కింది గ్రిల్లు సందులో కుక్కడం. గాలికి అదే ఎగిరిపోతుందని, పాపం అంటదని నా లెక్క. షెడ్డులో పనిచేసేవాళ్ళకూ అదే నేర్పాను. ఆయుధపూజకు దండలు కూడా మేమే కట్టేవాళ్ళం, దారం తెగిపోతుందని వైరింగులో మిగిలిన ఎర్ర వైరుతో. చివర మూడు మెలికలు ఎడమ చేతివైపు తిప్పి నొక్కేది నేను. ఆ ముక్కకు అవే మూడు మెలికలు ఉన్నాయి.

నీళ్ళ దారి మూసింది నేను. అయ్యవారు ప్రతి శుక్రవారం పొద్దున్నే బండి మీద బకెట్లతో నీళ్ళు కుమ్మరించి కడిగి, పసుపు కుంకుమ పెట్టి తల్లిని ఎక్కించేవాడు. నీళ్ళు తొట్టిలో నిలిచేవి. బండి కదిలి, మొదటి మలుపులో బ్రేకు పడగానే తొణికి, బ్లోయర్ నోట్లోంచి ఆమె కాళ్ళ దగ్గర మ్యాట్ అడుగుకు దిగి, సీటు కిందికి పాకేవి. నిలబడిన బండి మీద నేను రెండు నిమిషాలు పైపు పడితే ఎందుకు వస్తాయి?

షెడ్డులో ఎవరూ నా వైపు చూడటం లేదు. అయినా చుట్టూ చూసి, వైరు ముక్క చొక్కా జేబులో వేసుకున్నాను.

జేబులో ఉన్నన్నాళ్ళు

సాయంత్రం అయ్యవారు వచ్చాడు. "ఆకులు అడ్డం పడినాయి స్వామీ, తీసేసినా" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

"అమ్మగారు బాగుండారా?"

"బాగుండాది. బయటికి రాదు ఇప్పుడు. తిరుచానూరు మానేసింది. మోకాళ్ళ నొప్పి, ఇంట్లోనే దండం పెట్టుకుంటానంటాది" అన్నాడు. అని, బండి తలుపు తీస్తూ, "నువ్వు చెప్పినప్పట్నుంచే" అన్నాడు. నిష్ఠూరం కూడా లేదు ఆ గొంతులో. నన్ను ఇంకా పెద్దమనిషి అనే అనుకుంటున్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను తీసుకోవడానికి ప్రయత్నం కూడా చేయలేదు. ఇన్నేళ్ళ పేరు, దారినపోయేవాళ్ళు "మునిరత్నం చేతి పని" అనే మాట, ఇవి పోతాయేమోనని భయం. ఇరవై రోజులు ఆ వైరు ఒక చొక్కా నుంచి ఇంకో చొక్కాకు మారింది. చివరికి ఉతకడానికి జేబులు తడుముతూ మా ఇంటామె పట్టుకుంది. ఏమిటని అడిగితే చెప్పేశాను.

ఆమె బట్టల బకెట్ పక్కన పెట్టి కూర్చుండిపోయింది.

"మీ అమ్మను ఎవరన్నా ఆ మాటంటే ఏం చేసుంటావు?" అంది.

"కొట్టుంటా."

"పో అయితే. పోయి తన్నులన్నా తినిరా."

తిరుచానూరు దాకా

అయ్యవారి ఇంటికి వెళ్ళేసరికి ఆండాళమ్మగారు వరండాలో తులసి మాల కడుతున్నారు. సన్నబడ్డారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కొడుకు పక్కనే ఉన్నాడు. నేను కింద కూర్చున్నాను.

"అమ్మా, ఆరోజు షెడ్డులో నేనొక మాటన్నా. మీ చెవిన పడిందో లేదో..."

"పడింది నాయనా."

"అది తప్పు మాట. ఆ నీళ్ళు బండి ముందర నుంచి వచ్చినాయి. పూలు అడ్డంపడి దారి మూసుకొనింది. ఆ పూలు కుక్కింది కూడా నేనే." వైరు ముక్క తీసి ఆమె ముందు పెట్టాను. అయ్యవారు లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె తిట్టలేదు. మాల పక్కన పెట్టి, వైరును చేతిలోకి తీసుకుంది.

"అయితే అది నేను కాదా?"

"కాదమ్మా."

"ఒక్క దినం కూడా కాదా?"

"ఒక్క దినం కూడా కాదు తల్లీ."

"మొదట నేను కాదనే అనుకున్న్యా. నాకు తెలీకుండా ఎట్ల అయితాది అనుకున్న్యా. మళ్ళ, ఆ అబ్బి ఇన్నేండ్లు బండ్లు సూసినోడు, ఊరికే చెప్తాడా అనిపించింది. నాకే తెలీడంలేదేమో అనుకున్న్యా. యాడన్నా పోవాల్సొస్తే ముందు దినం నుంచే నీళ్ళు మానేస్తా. ఇంటికెవురన్నా వస్తారన్నా మానేస్తా." ఆమె తల ఎత్తి నన్ను చూసింది. "ఇంక తాగొచ్చునా నాయనా?"

అడుగుతున్నది నన్ను. మందు రాసే డాక్టరును అడిగినట్టు, తన దాహం గురించి నన్ను అడుగుతోంది. తల ఊపాను. ఆమె కోడలిని పిలిచి చెంబుతో నీళ్ళు తెప్పించుకుని, ఎత్తి, ఆపకుండా తాగింది. నేను ఏడ్చాను.

ఆ తర్వాతి శుక్రవారం నేను పొద్దున్నే వాళ్ళింటికి పోయాను. అయ్యవారు ఎప్పటిలాగే బకెట్లతో బండి కడిగాడు. నీళ్ళు రెండు పక్కలా ధారగా నేల మీద పడుతుంటే నేను వంగి చూసుకున్నాను. ఆండాళమ్మగారు పూలబుట్టతో వచ్చారు. సీటు దగ్గర ఆగి, సంచిలోంచి ఒక తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, సీటు మీద పరిచి దాని మీద కూర్చున్నారు.

"ఎందుకమ్మా? లీకేజీ పోయింది. నేను చెప్తాండా కదా."

"ఉండనీలే నాయనా" అన్నారు.

వెనక సీట్లో నేను కూర్చున్నాను. ఏడాదిన్నర కిందట కూర్చోవలసిన ప్రయాణం. తిరుచానూరులో ఆమె దిగాక మ్యాట్ ఎత్తి కార్పెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. సీటు చూశాను, తువ్వాలు కూడా చూశాను, అవీ పొడిగానే ఉన్నాయి. ఆ మాట చెబుదామని తలెత్తితే, ఆమె నా చేతిలోని తువ్వాలు మెల్లగా తీసుకుని, దులిపి, తిరుగు ప్రయాణానికి మళ్ళీ సంచిలో పెట్టుకుంది.